కంపెనీ టీషర్టు తొడుక్కున్న మన ఊరి మనిషి

దువ్వాడ స్టేషన్‌కు రెండు రకాల జనం వస్తారు. విశాఖపట్నం పెద్ద స్టేషన్‌కు పోకుండా ఇటునుంచి ఇటే సాగిపోయే రైళ్లు ఇక్కడ ఆగుతాయి కాబట్టి, అర్ధరాత్రో తెల్లవారుజామునో సామాను దించుకుని ఆటో బేరమాడేవాళ్లు ఒక రకం. పొద్దున్నే వీపున బ్యాగు, మెడలో ఐడీ కార్డుతో దిగే ఇంజనీరింగ్ పిల్లలు రెండో రకం. ఒక పక్క ప్రత్యేక ఆర్థిక మండలి, మరో పక్క ఉక్కు ఫ్యాక్టరీ, మధ్యలో కాలేజీ బస్సులు. ఈ పిల్లలకు సాఫ్ట్‌వేర్ అంటే ఆసక్తి పుట్టిద్దామని పదిహేనేళ్లుగా ఆదివారాలు వాళ్లతో గడుపుతున్నాను. ఆ ఆదివారాల్లో ఒకటి ఈ వ్యాసానికి మొదలు.

కూర్మన్నపాలెంలో ఒక టిఫిన్ సెంటర్ దగ్గర కూర్చుని ఉండగా మూడో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె వచ్చింది. ఒక పెద్ద కంపెనీ విద్యార్థుల కోసం నడిపే కార్యక్రమానికి ఆమె తన కాలేజీలో లీడు. కాలేజీ పేరు, కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. నెలాఖరులోగా వంద మందితో ఒక ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేయించాలి. చేయిస్తే అందరికీ టీషర్టులు, బ్యాగులు, ఆమె పేరు కంపెనీ జాబితాలో పై వరుసకు. అప్పటికి పూర్తి చేసినవాళ్లు ముప్పై ఏడుగురు. ఎవరో వాట్సాప్ గ్రూపులో ఒక ఫైలు పెట్టారు. అందులోని కమాండ్లు వరసగా కాపీ చేసి అతికిస్తే గంట పట్టే ల్యాబు రెండు నిమిషాల్లో అయిపోతుంది, పచ్చ టిక్కు పడిపోతుంది. మిగిలిన అరవై మూడు మందికీ ఆ ఫైలు పంపేస్తే పని అయిపోయినట్టే.

“వంద దాటకపోతే వచ్చే ఏడు మా కాలేజీకి ఇవ్వరంటన్నా. పంపేస్తే ఎవుళికి నష్టం?” అని అడిగింది.

తప్పా ఒప్పా అని అడగలేదు. తప్పని ఆమెకు తెలుసు. ఎవరికి నష్టమని అడిగింది. అప్పటికప్పుడు నేను చెప్పిన జవాబు నాకే సరిపోలేదు. కంపెనీలు గుర్తించి బిరుదులిచ్చిన వాలంటీర్లు ఎలా నడుచుకోవాలన్న ప్రశ్నంతా ఆ ఒక్క మాటలో ఉంది. దాన్ని వీలైనంత దూరం వెంట తీసుకుపోయి చూడాలని ఈ ప్రయత్నం.

వాలంటీరు అనే మాటకు మన రాష్ట్రంలో 2019 తరవాత ప్రత్యేకమైన బరువు వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 15న గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. ఒక్కొక్కరికి యాభై ఇళ్లు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. ఇంటికొచ్చి పింఛను చేతిలో పెట్టే కుర్రాడు ప్రభుత్వం మనిషా, పార్టీ మనిషా, వీధి మనిషా అన్న వాదన ఇంటింటా నడిచింది. చివరికి 2024 మార్చిలో, ఎన్నికల ముందు, ఎన్నికల సంఘం వాళ్లను డబ్బు పంపిణీకి దూరంగా ఉంచమని ఆదేశించింది. ఆ వ్యవస్థ మంచిచెడ్డలు వేరే చర్చ. గడప దగ్గర నిలబడ్డ మనిషి ఎవరి తరఫున నిలబడ్డాడో తెలియకపోతే ఎంత గందరగోళమో మన జనానికి అనుభవంలోనే ఉంది. సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో ఇదే ప్రశ్న ముప్పై ఏళ్లుగా నలుగుతోంది.

మొదలు 1993లో. అప్పట్లో కంప్యూసర్వ్ అనే సేవలో మైక్రోసాఫ్ట్ ఉత్పత్తుల మీద జనం సందేహాలు అడిగేవారు, తెలిసినవాళ్లు ఊరికే జవాబులు చెప్పేవారు. కాల్విన్ షియా అనే ప్రోగ్రామరు, ఎవరు ఎన్ని జవాబులు రాశారో లెక్కగట్టి జాబితా వేశాడు. ఆ జాబితాలో తమ ఉద్యోగులతో పాటు బయటివాళ్లూ ఎంతగా సాయపడుతున్నారో కంపెనీ చూసింది. వాళ్లను గుర్తించడానికి పెట్టిన బిరుదే మోస్ట్ వాల్యుబుల్ ప్రొఫెషనల్, ఎంవీపీ. తరవాత ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. జావా ఛాంపియన్లు, ఒరాకిల్ ఏస్‌లు, మొజిల్లా రెప్‌లు, అమెజాన్ హీరోలు, గూగుల్ డెవలపర్ ఎక్స్‌పర్ట్‌లు, డాకర్ కెప్టెన్లు, గిట్‌హబ్ స్టార్లు. కాలేజీల్లో మైక్రోసాఫ్ట్ స్టూడెంట్ పార్ట్‌నర్లు 2020లో లెర్న్ స్టూడెంట్ అంబాసిడర్లయ్యారు. గూగుల్ డెవలపర్ స్టూడెంట్ క్లబ్బులు 2024లో క్యాంపస్ గ్రూపులుగా పేరు మార్చుకున్నాయి. పేర్లు మారినా పని ఒకటే: కంపెనీ జీతం తీసుకోకుండా, కంపెనీ సరుకు గురించి జనానికి నేర్పడం.

ఈ బంధం ఎంత సున్నితమైనదో 1999లో బయటపడింది. అమెరికా ఆన్‌లైన్ అనే కంపెనీ తన చాట్ గదులను, చర్చావేదికలను వేలమంది వాలంటీర్లతో నడిపించేది. ప్రతిఫలంగా వాళ్లకు ఉచిత ఖాతా. అయితే శిక్షణ, వేళలు, నివేదికలు అన్నీ ఉద్యోగులకున్నట్టే ఉండేవి. 1999 మేలో కొందరు మాజీ వాలంటీర్లు న్యూయార్క్‌లో దావా వేశారు: మీరు చేయించుకున్నది ఉద్యోగమే, కనీస వేతనం ఇవ్వండి అని. దశాబ్దం పైగా సాగిన ఆ కేసు 2010లో కోటీ యాభై లక్షల డాలర్ల రాజీతో ముగిసింది. ఆ దావా చూసి బెదిరిన మైక్రోసాఫ్ట్ 1999 అక్టోబరులో తన ఎంవీపీ కార్యక్రమాన్ని మూసేస్తానంది. ఉత్తరాలు వెల్లువెత్తేసరికి మూడు రోజుల్లో నిర్ణయం వెనక్కి తీసుకుంది. బిరుదు కంపెనీది, ఒక్క రోజులో తీసేయగలదు. దాని వెనకున్న నమ్మకం మాత్రం ఆ వాలంటీర్లు ఏళ్ల తరబడి జవాబులు చెప్పి సంపాదించుకున్నది, కంపెనీ పుట్టించలేనిది.

ఇప్పుడు కంపెనీలు రాసే నియమావళులు చదివితే అన్నీ దాదాపు ఒకే పోలికలో కనిపిస్తాయి. మా ప్రతినిధిలా మాట్లాడకు. మా లోగోను ఇష్టం వచ్చినట్టు వాడకు. బయటికి రాని సంగతులు ముందుగా చెబితే దాచిపెట్టు. తోటివాళ్లను కులం, మతం, ఆడామగా తేడా చూపి కించపరచకు. పరీక్ష ప్రశ్నలు లీకు చేయకు. ఇవన్నీ మంచివే. చివరి రెండిటిని గట్టిగా అమలు చేస్తే మన సాఫ్ట్‌వేర్ సభలు సగం బాగుపడతాయి. అయితే ఈ నియమాలు ఎవరిని కాపాడుతున్నాయని చూస్తే ముందు కంపెనీని, తరవాత తోటి వాలంటీరును. ఎదురుగా బెంచీ మీద కూర్చుని వింటున్న కుర్రాడి పట్ల వాలంటీరుకు ఉండే బాధ్యత గురించి వాటిలో చాలా తక్కువ ఉంటుంది. ఆ వెలితి గురించే నా బాధంతా.

ముందుగా, ఏం తీసుకున్నావో చెప్పడం. 2006 డిసెంబరులో మైక్రోసాఫ్ట్, ఏఎండీ కలిసి, విండోస్ విస్టా అప్పటికే వేసి ఉన్న ఖరీదైన ఏసర్ ఫెరారీ ల్యాప్‌టాప్‌లను కొందరు బ్లాగు రచయితలకు ఊరికే పంపాయి. కొందరు ఆ సంగతి పాఠకులకు చెప్పి రాశారు, కొందరు చెప్పలేదు. గొడవయ్యాక, పరీక్షించడం పూర్తయితే వెనక్కి పంపడమో ఎవరికైనా ఇచ్చేయడమో చేయమని కంపెనీ కోరింది. ల్యాప్‌టాప్ తీసుకున్నందుకంటే తీసుకున్న సంగతి దాచినందుకే పాఠకులకు కోపం వచ్చింది. 2009లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తన మార్గదర్శకాలను సవరించి, సరుకు ఊరికే అందుకున్నా సరే ఆ సంబంధం స్పష్టంగా చెప్పి తీరాలంది.

మనకూ చట్టం ఉంది, చాలామందికి తెలియదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదోవ పట్టించే ప్రకటనకు వత్తాసు పలికినవాళ్లకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. కొంతకాలం ఏ ప్రకటనలోనూ కనిపించకుండా నిషేధించవచ్చు. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు, 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ విడుదల చేసిన సూచనలు ఈ సంగతిని ఇంకా విడమరిచాయి. డబ్బు ఒక్కటే సంబంధం కిందికి రాదు. ఉచిత వస్తువులు, ప్రయాణాలు, హోటల్ బస, రాయితీలు, పురస్కారాలు కూడా వస్తాయి. సినిమా తారలను, ఇన్‌స్టాగ్రామ్‌లో పేరున్నవాళ్లను ఉద్దేశించి రాసినవే అయినా, క్లౌడ్ పరీక్ష వోచరు ఊరికే తీసుకుని ఆ క్లౌడే గొప్పదని మూడొందల మంది విద్యార్థులకు చెప్పేవాడి ముందు అవే మాటలు పెట్టి చూడండి, అతికినట్టు సరిపోతాయి.

ఈ మార్గదర్శకాల్లో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. ప్రకటన ఏ భాషలో ఉంటే గమనిక కూడా ఆ భాషలోనే ఉండాలి. తెలుగు యూట్యూబ్ పాఠాలు చూడండి. గంటసేపు చక్కని తెలుగులో చెప్పి, ఈ వీడియోకు డబ్బు ఎవరిచ్చారన్నది మాత్రం కింద వివరాల్లో, “ఇంకా చూడు” అని నొక్కితే తప్ప కనిపించని చోట, ఇంగ్లీషు పొడి అక్షరాల్లో పెడతారు. నరసన్నపేట నుంచో పాడేరు నుంచో వచ్చి దువ్వాడలో హాస్టల్లో ఉంటున్న పిల్లకు అది చెప్పినట్టు కాదు. చెప్పడమంటే ఇలా: “ఈ కంపెనీ నాకు ఫలానా బిరుదిచ్చింది, ఏడాదికోసారి తన ఖర్చుతో సభకు తీసుకెళుతుంది, ఇవాళ్టి టిఫిన్ ఖర్చు కూడా దానిదే. దీనికి పోటీగా ఫలానా రెండు సరుకులున్నాయి, అవీ చూడండి.” నాలుగు ముక్కలు, అర నిమిషం. ఆ అర నిమిషం తీసుకున్న వక్తలను ఇన్నేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఇక అంకెల రోగం. దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఆ అమ్మాయి అడిగింది దీని గురించే.

ఓపెన్ సోర్స్‌ను ప్రోత్సహించడానికి డిజిటల్ ఓషన్ అనే కంపెనీ 2014 నుంచి ఏటా అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అని నడుపుతోంది. 2020లో నియమం ఏమిటంటే, ఎవరి ప్రాజెక్టుకైనా నాలుగు మార్పులు ప్రతిపాదించి పంపితే టీషర్టు. అక్టోబరు మొదలైన గంటల్లోనే ప్రపంచమంతటా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు నడిపేవాళ్ల ఇన్‌బాక్సులు నిండిపోయాయి. రీడ్‌మీ ఫైలులో ఒక పొగడ్త ముక్క చేర్చడం, ఒక ఖాళీ పెట్టడం, ఒక మాట మార్చడం. అలాంటివి వేలకు వేలు. టీషర్టు ఎలా సంపాదించాలో చూపించే వీడియోలు వాటికి దారి. ఆ వీడియోల్లో మన దేశానివీ ఉన్నాయి. మూడు రోజుల్లో కంపెనీ నియమం మార్చి, మేం పాల్గొంటామని ముందుకొచ్చిన ప్రాజెక్టులకే పరిమితం చేసింది. 2023లో టీషర్టే మానేసింది. మళ్లీ 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే ప్రసిద్ధ ప్రాజెక్టుకు ఇలాంటి వరదే వచ్చింది. పాఠంలో చూపించినట్టే తమ పేరు రీడ్‌మీలో చేర్చి పంపిన విద్యార్థులు, ఎక్కువమంది భారతీయులు.

ఆ పిల్లల తప్పెంత? నా లెక్కలో తక్కువ. ఇలా పంపే మార్పును పుల్ రిక్వెస్టు అంటారు. అదేమిటో తెలియనివాడికి, దాని అవతల నిద్ర మానుకుని ఊరికే పనిచేస్తున్న మనిషి ఉంటాడని ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాడు వాలంటీరు. అతనికేమో కంపెనీ నుంచి వచ్చే ప్రశ్నల్లో మొదటిది, ఎంతమంది? ఎన్ని సభలు? ఎన్ని వీక్షణలు? బిరుదు చాలాచోట్ల ఏడాదికే. మళ్లీ దక్కాలంటే ఏడాది పొడుగునా చేసిన పనుల చిట్టా నింపాలి. ఎంతమంది నేర్చుకున్నారో చిట్టాకు తెలియదు. హాజరు ఎంతో తెలుస్తుంది. కాలేజీలో హాజరు తెప్పించడం చిటికెలో పని, మూడో పీరియడ్ క్లాసు రద్దు చేసి సెమినార్ హాలుకు తోలితే చాలు. నేను మాట్లాడిన హాళ్లలో వెనక వరసలు రికార్డులు రాసుకోవడం ఎన్నోసార్లు చూశాను. వాళ్లను కూడా లెక్కలో కలిపి పంపిన అంకెలు ఎక్కడో ఒక అందమైన పటంలో చుక్కలవుతాయి.

అందుకని ఎవరికి నష్టమన్న ప్రశ్నకు ఇప్పుడు నా జవాబు ఇది. ఆ అరవై మూడు మందికే నష్టం. కోర్సు పూర్తయిందని వాళ్ల రెజ్యూమెలో ఉంటుంది, ఇంటర్వ్యూలో ఎదుటివాడు మొదటి ప్రశ్నకే పట్టేస్తాడు. ఆ రోజు సిగ్గుపడేది కంపెనీ కాదు, లీడూ కాదు. ఆ కాలేజీ నుంచి తరవాత వచ్చే బ్యాచీలన్నీ ఆ అనుమానాన్ని మోస్తాయి.

వాలంటీర్ల పనిలో చట్టం అడ్డొచ్చిన కథ ఒకటి మన గడ్డతో ముడిపడింది. గూగుల్ మ్యాప్ మేకర్‌ను రూపొందించినవాళ్లలో ఒకడు కాట్రగడ్డ లలితేశ్. మనవాడు. పెద్ద కంపెనీలు పట్టించుకోని ఊళ్ల వీధులను ఆ ఊళ్ల జనమే గీసుకోవాలన్నది దాని ఆలోచన, 2008లో వచ్చింది. ఎంత మంచి ఆలోచనో వేరే చెప్పాలా? మన వడ్లపూడి సందులు, అగనంపూడి ఆస్పత్రులు పటంలో కనిపించేలా చేసినవాళ్లు ఇలాంటి పేరు తెలియని మనుషులే. 2013 ఫిబ్రవరి, మార్చిల్లో గూగుల్ దేశమంతటా మ్యాపథాన్ అనే పోటీ పెట్టింది. మీ చుట్టుపక్కల ఆస్పత్రులు, హోటళ్లు, వీధులు చేర్చండి, ఎక్కువ చేర్చినవాళ్లకు ట్యాబ్లెట్లు, ఫోన్లు, కూపన్లు. ముందుగా అనుమతి తీసుకోలేదని, రక్షణ స్థావరాల వివరాలు కూడా బయటపడ్డాయని సర్వే ఆఫ్ ఇండియా ఫిర్యాదు చేసింది. 2014లో సీబీఐ ప్రాథమిక విచారణ మొదలుపెట్టింది. పటాల విధానం బాగా సడలింది 2021 ఫిబ్రవరిలోనే.

విశాఖ లాంటి ఊళ్లో ఈ కథను ఊరికే చదివి వదిలేయలేం. తూర్పు నావికాదళ ప్రధాన స్థావరం ఇక్కడుంది, ఓడరేవు ఉంది, ఉక్కు కర్మాగారం ఉంది. ఫోన్ కూపను కోసం ఉత్సాహంగా గోడల వెంట తిరిగి గుర్తులు పెట్టే పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఎక్కడ ఆగాలో ఎవరు చెబుతారు? కంపెనీకి వకీళ్లున్నారు. కుర్రాడికి ఎవరున్నారు? పోటీ పేరు చెప్పి పిలిచిన స్థానిక వాలంటీరే ఉన్నాడు. కాబట్టి అనుమతుల సంగతి ముందు తానే కనుక్కుని, తెలియకపోతే కంపెనీని లిఖితపూర్వకంగా అడిగి, జవాబు రాకపోతే ఆ కార్యక్రమం మానుకోవడం అతని పని. ఇది పిరికితనం అనేవాళ్లుంటారు. తన వెంట నడిచేవాళ్లున్న మనిషికి ఈ జాగ్రత్త తప్పదు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు, అందరికీ తెలిసిందే కాబట్టి. హైదరాబాదుకు అమీర్‌పేట ఎలాగో విశాఖకు ద్వారకానగర్ అలాగ. కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి. అక్కడ పాఠం చెప్పుకుని బతకడంలో తప్పేమీ లేదు. ఎన్ని వేల ఇళ్లలో దీపం పెట్టింది ఆ చదువే! ఆదివారం ఉచిత సభలో కంపెనీ బిరుదుతో నిలబడి, సగం పాఠం చెప్పి, మిగతా సగం సోమవారం నుంచి నా బ్యాచిలో అన్నప్పుడు తప్పు మొదలవుతుంది. పరీక్షలకు డంపులు, అంటే లీకైన ప్రశ్నల మూటలు, పంచడం, ఒకరి బదులు ఒకరు ఇంటర్వ్యూలో కూర్చోవడం అంతకంటే పెద్ద తప్పులు. వాటికి బిరుదు పోవడమే శిక్ష, అది కూడా దొరికితేనే. ఈ రెండు రకాల తప్పుల్లో మన తెలుగు ప్రాంతాలకు బయట ఉన్న పేరు మంచిది కాదు. ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు గాని దాచి లాభం లేదు.

చాలామంది అసలు పట్టించుకోని సంగతి మరొకటి, ఫోన్ నంబర్లు. ప్రతి సభకూ ముందు ఒక ఫారం. పేరు, నంబరు, ఈమెయిలు, కాలేజీ, ఏ సంవత్సరం. సభ అయిపోయాక ఆ జాబితా ఏమవుతుంది? స్పాన్సరు అడిగితే ఇచ్చేస్తారు. ఆ తరవాత ఆరు నెలల పాటు ఏదో కోర్సు అమ్మే గొంతులు ఆ పిల్లలకు, వాళ్ల నాన్నలకు ఫోన్లు చేస్తూనే ఉంటాయి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. ఏ పనికని చెప్పి తీసుకున్నామో ఆ పనికే వాడాలన్నది దాని మూలసూత్రం. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఒక సభలో వాలంటీరుగా పనిచేసిన కుర్రాడు రిజిస్ట్రేషన్ జాబితాలోంచి ఒక అమ్మాయి నంబరు తీసుకుని రోజూ మెసేజీలు పెట్టాడు. ఆ అమ్మాయి మళ్లీ ఏ సభకూ రాలేదు. నాకు ఏడాది తరవాత తెలిసింది. అప్పటి నుంచి మా జాబితా ఒక్కరి దగ్గరే ఉంటుంది, సభ అయిన వారంలో చెరిపేస్తాం. సాయంత్రం ఐదు దాటాక కార్యక్రమం పెట్టం. సిటీ నుంచి దువ్వాడ హాస్టలుకు చేరాలంటే గాజువాక ట్రాఫిక్ దాటాలి, హాస్టల్ గేటు ఎవరి కోసమూ ఆగదు. రాత్రి ఎనిమిదిన్నరకు పిజ్జా పెడతామంటే ఆ సభ మగపిల్లలకే అని అర్థం.

కంపెనీతో పనిచేస్తూనే కంపెనీ మనిషి కాకుండా ఉండడం సాధ్యమా అని నన్ను అడిగేవాళ్లకు తెలుగు వికీపీడియాను చూపిస్తాను. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వానికి 2009 తరవాత ఒక పరీక్ష వచ్చింది. గూగుల్ తన అనువాద పరికరాన్ని వాడి, డబ్బిచ్చి అనువాదకులతో భారీ వ్యాసాలు తెలుగులోకి, మరికొన్ని భారతీయ భాషల్లోకి తెప్పించింది. ఏ వ్యాసాలు కావాలో తెలుగు పాఠకులను అడగలేదు. వచ్చిన తెలుగు చదవడానికి కష్టంగా ఉంది. రాసినవాళ్లు మళ్లీ తిరిగి చూడలేదు. వ్యాసాల సంఖ్య, పొడవు పెరిగాయి కదా అని సంబరపడిపోవచ్చు. స్వచ్ఛంద రచయితలు అలా చేయలేదు. వాటిని దిద్దడమా తీసేయడమా అని ఏళ్ల తరబడి బహిరంగంగా చర్చించారు. అదే సముదాయం 2018లో గూగుల్ మద్దతుతో నడిచిన ప్రాజెక్ట్ టైగర్‌లో పాల్గొంది. చురుగ్గా రాసేవాళ్లకు క్రోమ్‌బుక్కులు, ఇంటర్నెట్ ఖర్చు. ఎవరు దరఖాస్తు పెట్టారు, ఎందుకు అడుగుతున్నారు, ఎవరు బలపరిచారు అన్నది ఎవరైనా చదువుకునేలా పేజీ మీదే ఉంది. 2014 నుంచి వికీమీడియా నిబంధనల్లోనే ఉంది, డబ్బు తీసుకుని రాసేవాళ్లు ఎవరిచ్చారో చెప్పాలని. సాయం తీసుకున్నారు, దాచలేదు, తమ పాఠకులను వదులుకోలేదు. ఏ కంపెనీ నియమావళికంటే ఈ ఉదాహరణ మన కుర్రాళ్లకు ఎక్కువ నేర్పుతుంది.

ఇక ఇప్పుడు ముందుకొచ్చిన ప్రశ్న. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో పెద్ద కృత్రిమ మేధ కేంద్రం పెడతానని ప్రకటించింది. ఐదేళ్లలో సుమారు 1,500 కోట్ల డాలర్లు. తర్లువాడ, అడవివరం, అనకాపల్లి జిల్లా రాంబిల్లి పేర్లు పేపర్లలోకెక్కాయి. ఊరంతా సంతోషించింది, నేనూ సంతోషించాను. ఆ వెంటనే భూమి గురించి, నీళ్ల గురించి, కరెంటు గురించి ప్రశ్నలూ లేచాయి. డేటా సెంటర్లు వేడిని చల్లార్చుకోవడానికి చాలా నీళ్లు, రాత్రింబవళ్లు కరెంటు తాగుతాయని ప్రపంచమంతటా చర్చ నడుస్తోంది. వేసవిలో బిందెలు వరస పెట్టే కాలనీలున్న ఊళ్లో ఆ ప్రశ్నలు రాకపోతేనే ఆశ్చర్యం.

ఇప్పుడు ఆలోచించండి. ఈ ఊళ్లో డేటా సెంటర్ లోపల ఏం జరుగుతుందో తెలుగులో వివరించగలిగినవాళ్లు ఎవరు? ఎక్కువమంది ఇలాంటి బిరుదులున్నవాళ్లే. తర్లువాడ రైతు వచ్చి, “బాబూ, ఇది ఎన్ని నీళ్లు తాగుద్ది? మా పిల్లలకు ఎన్ని ఉద్యోగాలొస్తాయి?” అని అడిగితే ఏం చెప్పాలి? కంపెనీ నియమావళి చెప్పేది మా తరఫున మాట్లాడకు అని, అంతే. అది న్యాయమే. అయితే తన తరఫున, తన ఊరి తరఫున మాట్లాడకూడదని ఎక్కడా లేదు. బిరుదు పోతుందేమోనన్న భయంతో తెలిసింది మింగడం, రహస్య ఒప్పందం కింద విన్నది బయటపెట్టడం, రెండూ తప్పే. వాటి మధ్య బోలెడు చోటుంది. బహిరంగంగా అచ్చయిన లెక్కలు చదివి చెప్పవచ్చు. గాలితో చల్లార్చే పద్ధతికి, నీళ్లతో చల్లార్చే పద్ధతికి తేడా వివరించవచ్చు. కట్టేటప్పుడు వచ్చే ఉద్యోగాలు వేరు, కట్టాక మిగిలేవి వేరని చెప్పవచ్చు. తెలియనిది తెలియదనవచ్చు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్లు ఖాళీ చేసి, నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డులు పట్టుకున్న కుటుంబాలు ఇవాళ్టికీ ఈ చుట్టుపక్కల ఉన్నాయి. అప్పట్లో వాళ్లకు కాగితం మీదున్నది చదివి నిజం చెప్పే మనిషి ఎంత అవసరమో, ఇప్పుడూ అంతే అవసరం.

న్యాయంగా చెప్పాలంటే కంపెనీల వైపు బాధ్యత కూడా తక్కువ కాదు. 2023 జూన్‌లో స్టాక్ ఓవర్‌ఫ్లో, రెడిట్ అనే చర్చావేదికల స్వచ్ఛంద మోడరేటర్లు వేర్వేరు కారణాల మీద పని ఆపారు. ఇద్దరిదీ ఒకే మాట: మేం ఊరికే మోసిన దాన్ని మమ్మల్ని అడగకుండా మార్చకండి అని. మన కాలేజీ లీడులకు ఆ గొంతు లేదు. ఒక ఈమెయిలుతో కార్యక్రమం పేరు మారుతుంది, ఇంకో ఈమెయిలుతో ఆగిపోతుంది. సొంత డబ్బుతో బ్యానరు కొట్టించిన పిల్ల ఆ బ్యానరు మడిచి మంచం కింద పెట్టుకుంటుంది. ఊళ్లోకి వచ్చే ప్రతి కంపెనీకి నేను చెప్పే మాటొకటే: వందమంది కావాలని అడగకండి, పదిమందికి నిజంగా ఏం వచ్చిందో అడగండి. బస్సు చార్జీలైనా ఇవ్వండి.

ఆ అమ్మాయి ఫైలు పంపలేదు. మూడు ఆదివారాలు కూర్చున్నారు, ఒక్కో ల్యాబు చేతులారా చేశారు. పర్మిషన్ ఎర్రరు వచ్చినప్పుడల్లా ఆగి, ఎందుకొచ్చిందో చూసుకున్నారు. నెలాఖరుకు లెక్క యాభై ఎనిమిది. అదే అంకె పంపింది. టీషర్టులు రాలేదు.

తరవాతి సెమిస్టరులో ఆమె మొదటి సభకు వెనక కూర్చుని విన్నాను. మొదటి స్లైడు తెలుగులో ఉంది. కంపెనీ తనకు ఏమేం ఇచ్చిందో దాని మీద రాసుకుంది: ఒక బిరుదు, ఒక నీళ్ల సీసా, సగం ధరకు పరీక్ష వోచరు. మూడో వరసలో ఒక కుర్రాడు లేచాడు. “అక్కా, ఇది నేర్సుకుంటే మాకేటొస్తాది?” కొంచెం ఆలోచించి ఆమె చెప్పింది. “ఉద్యోగం వస్తాదని నేను చెప్పలేను తమ్ముడూ. సర్వరంటే ఏటో తెలుస్తాది. ఇదే పని ఇంకో కంపెనీ సరుకుతో ఎలా చెయ్యాలో కూడా మూడో ఆదివారం చూపిస్తాను.” కుర్రాడు కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు.